మంగళవారం బెంచీ

యలహంక పాత ఊరు,
11 జూన్ 2025

అమ్మా శిరీషా,

మీ మామ ఓబులేసు నిండుగా దీవిస్తున్నాడు. ఉభయకుశలోపరి అని బళ్ళో అయ్యవారు నేర్పించాడు గానీ, ఒకే ఊళ్ళో ఉండి ఆ మాట రాయాలంటే సిగ్గేస్తోంది. నేను బెంగళూరు ఈ కొసన, నువ్వు ఆ కొసన మడివాళలో. మధ్యలో ఉన్న ట్రాఫిక్కును తలుచుకుంటే మీ అమ్మ ఉన్న కదిరే నాకు దగ్గరనిపిస్తుంది.

మెసేజ్ పెట్టు మామా అంటావు. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో చదివితే అన్నంలో రాయి తగిలినట్టుంటుంది నాకు. ఫోన్ చేద్దామంటే గొంతులోని మాట పెట్టెను డాక్టర్లు జనవరిలోనే తీసి పారేశారు. అందుకని ఉత్తరమే గతి. ఇంకో తమాషా చూడు. నోరున్నప్పుడు ‘ఉండాది, ఉండాడు’ అంటూ తిరిగినవాణ్ణి, కలం పట్టుకుంటే అయ్యవారి భాషే వస్తోంది. నా మాట నాతోనే పోయినట్టుంది.

షాపు నడుస్తోంది. మెడ దగ్గరి రంధ్రంలో వెంట్రుకలు పడకుండా గుడ్డ కట్టుకుని పని చేస్తున్నాను. చేతులకేం రోగం లేదు. కానీ మన పనిలో సగం మాటే కదా తల్లీ. ముందైతే గడ్డం గీయించుకోవడానికి వచ్చినవాడు గంట కూర్చునేవాడు. ఇప్పుడు కుర్చీలో కూర్చోగానే ఫోన్ తీస్తారు, దిగి వెళ్ళిపోతారు. ఏదైనా చెప్పాలంటే నేను పలక మీద రాయాలి. రాసి చూపించేలోపు వాళ్ళకు విసుగు. నాకూ విసుగే.

మంగళవారం ఒక్కటి బాగుంటుంది. ఆ రోజు సెలూన్లకు సెలవని మన ఇళ్ళలో పుట్టినదానివి, నీకు చెప్పేదేముంది. సాయంత్రం షట్టరు సగానికి ఎత్తి బెంచీ బయట వేస్తాను. పక్క వీధి సెలూన్ మస్తాను, పాత బస్టాండు దగ్గరి వెంకటగిరియప్ప వస్తారు. వారమంతా ఊరి తలలు చూసేవాళ్ళం, ఆ రోజు మా తలలు మేం చూసుకుంటాం. మస్తాను నాకు కత్తిరిస్తాడు, నేను వెంకటగిరియప్పకు, ఆయన మస్తానుకు. తర్వాత ఇక్కడివాళ్ళు అన్నట్టు సుమ్నే, ఊరికే కూర్చుంటాం. నేను పెదాలు కదిపితే చాలు, మస్తాను అందుకుంటాడు. పలక తీసే పనే లేదు. వారంలో ఆ ఒక్క సాయంత్రమే నేను మాట్లాడే మనిషిని.

నీ కొత్త ఉద్యోగం నాకు సరిగ్గా అర్థం కాలేదు. ఇల్లు ఒక చోటు, ఆఫీసు రెండో చోటు, మీది మూడో చోటు అని రాశావు. ఊరికే కూర్చోడానికి జనం ముందుగా పేరు రాయించుకుని వస్తారా? వాళ్ళను ఒకరితో ఒకరిని మాట్లాడించడం నీ పనా? పెళ్ళిళ్ళు కుదిర్చేవాళ్ళు చేస్తారు ఆ పని. వివరంగా రాయి.

వేళకు తిను. కళ్ళ కింద నలుపు పోయిందని మళ్ళీ ఉత్తరంలో చదవాలి నేను.

మీ మామ
ఓబులేసు


మడివాళ,
20 జూన్ 2025

మామా,

నలుపు పోలేదు. అబద్ధం రాస్తే నువ్వు పట్టేస్తావు కాబట్టి మొదటే చెప్పేస్తున్నా.

ఇది మంచం మీద కూర్చుని రాస్తున్నా. మా పీజీ హాస్టల్ గదిలో మూడు మంచాలున్నాయి, కుర్చీ లేదు. తినేది మంచం మీదే, ఫోన్ మాట్లాడేది మంచం మీదే, ఏడుపొస్తే ఏడ్చేది కూడా అక్కడే, పక్క మంచం పిల్ల చూస్తుండగా. కింద హాలు ఉంది గానీ ఓనరమ్మ తాళం వేస్తుంది. డిగ్రీ చదివేటప్పుడు మీ ఇంట్లో నాకంటూ ఒక కిటికీ ఉండేది గుర్తుందా? అంత భాగ్యం మళ్ళీ రాలేదు.

నా ఉద్యోగం సంగతి. హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో పెద్ద బంగళా అద్దెకు తీసుకుని సోఫాలు, చెట్లు, కాఫీ పెట్టారు. నాలాగే కుర్చీ లేని వాళ్ళు, ఉన్నా పక్కన మనిషి లేని వాళ్ళు వస్తారు. గుండ్రంగా కూర్చోబెట్టి, చొక్కాకు పేరు స్టిక్కర్ అంటించి, ఒక్కొక్కళ్ళతో మాట్లాడించాలి. నా హోదా కమ్యూనిటీ మేనేజర్. పొద్దున్నుంచి నవ్వీ నవ్వీ దవడలు నొప్పి పుడతాయి మామా. వాళ్ళు నలుగురు స్నేహితులై కలిసి డిన్నర్‌కు వెళ్తారు. నేను కప్పులు ఏరి బస్సెక్కుతాను.

ఇప్పుడు అసలు విషయం. మా బాస్ అభిజిత్ ఒక ప్రోగ్రామ్ మొదలుపెడుతున్నాడు. బెంగళూరులో మనుషులు ఊరికే కూర్చునే పాత చోట్లకు మా మెంబర్లను తీసుకెళ్ళడం. మీటింగ్‌లో అందరూ ఏవేవో పార్కులు చెప్పారు. నేను నీ బెంచీ గురించి చెప్పాను. చేరిన ఇన్నాళ్ళలో అభిజిత్ నా వైపు పూర్తిగా తిరిగి వినడం అదే మొదటిసారి. సెప్టెంబర్‌లో నా ప్రొబేషన్ అయిపోతుంది, అతను విన్నాడంటే మంచిదే.

నీ గిరాకీకి అడ్డం రాకుండా మంగళవారం పెట్టమని నేనే చెప్పాను. వాళ్ళు శనివారం అన్నారు, సెలూన్‌కు శనివారం ఎంత రద్దీయో మీకేం తెలుసని పోట్లాడి మార్పించాను! వారమంతా మాట లేకుండా కూర్చుంటున్నావు. చుట్టూ పదిమంది వస్తే నీకూ బాగుంటుంది కదా. మస్తాన్ మామకు, వెంకటగిరియప్ప తాతకు కూడా కాలక్షేపం. నీకు ఇష్టం లేకపోతే వద్దని రాసెయ్, నేనేం అనుకోను.

నిద్రొస్తోంది. లైటు ఆర్పమని పక్క మంచం పిల్ల దగ్గుతోంది.

నీ
శిరీష


యలహంక,
27 జూన్ 2025

అమ్మా శిరీషా,

ఉత్తరం అందింది. రమ్మను. తప్పకుండా రమ్మను.

ప్రొబేషన్ అంటే ఏమిటని బ్యాంకులో పనిచేసే ఒక గిరాకీని పలక మీద రాసి అడిగాను. ఉద్యోగం ఇంకా గట్టిపడలేదని, ఎప్పుడైనా పొమ్మనొచ్చని చెప్పాడు. ఇంత ముఖ్యమైన సంగతిని నువ్వు మధ్యలో ఒక ముక్కగా రాసి వదిలేశావు. నువ్వు మీ అమ్మ కూతురివే. ఆమె కూడా జ్వరం వచ్చిన సంగతి కాకరకాయల ధర తర్వాత చెప్పేది.

మీ బాసును ఏ మాత్రం మొహమాటపడవద్దని చెప్పు. ఎదురుగా టీ కొట్టు ఉంది, చెప్పి పెడతాను. బెంచీ ఒక్కటే కాబట్టి పక్క ఇంటి నుంచి చాప తెప్పిస్తాను. షాపు అద్దాలు కూడా తుడిపించాను.

మస్తానుకు చెబితే, “ఏమప్పా, మంగళారం కూడా గిరాకీనా?” అన్నాడు. గిరాకీ కాదు, మన శిరీష వాళ్ళ ఆఫీసువాళ్ళు, ఊరికే కూర్చోడానికి వస్తున్నారని చెప్పాను. “కూర్చునేదానికి హెచ్ఎస్ఆర్ నుంచి వస్తారా? ఆడ నేల లేదా?” అని నవ్వాడు. వెంకటగిరియప్ప ఏమీ అనలేదు. ఆయన సంగతి నీకు తెలుసు కదా, ఏమీ అనలేదంటే ఏదో అనుకున్నట్టే.

నాకేం ఇబ్బంది లేదు. నీ పని గట్టిపడాలి, అంతే.

మీ మామ


మడివాళ,
6 జులై 2025

మామా!

సూపర్ హిట్! మంగళవారం నేనూ రావాలనుకున్నాను గానీ ఇక్కడ ఫ్లోర్ డ్యూటీ వేశారు. ఫోటోలు చూశాను. షాపు ముందు అంతమంది కూర్చున్నారు, మధ్యలో నువ్వు తెల్ల చొక్కా వేసుకుని నవ్వుతున్నావు. ఆపరేషన్ తర్వాత నువ్వు నవ్విన ఫోటో నేను చూడనే లేదు. బాత్రూంలోకి వెళ్ళి కాసేపు ఏడ్చి వచ్చాను, సంతోషంతోనే.

వచ్చినవాళ్ళు నీ గురించి ఏమన్నారో తెలుసా? ఆయన ఏమీ మాట్లాడడు, ఆయన పక్కన కూర్చుంటే ప్రశాంతంగా ఉందని. అభిజిత్ మొత్తం ఆఫీసు ముందు నా పేరు చెప్పి చప్పట్లు కొట్టించాడు. ఒక్కసారితో ఆపేది లేదు, ప్రతి మంగళవారం పెట్టేద్దామన్నాడు. నేను సరే అనేశాను. నీకు ఓకే కదా?

ఫోటోల్లో మస్తాన్ మామ ఒక మూల నిలబడి ఉన్నాడు, వెంకటగిరియప్ప తాత కనిపించలేదు. వచ్చారా? ఎలా ఉందన్నారు?

ఇక్కడ కొత్తగా ఏం లేదు. నిన్న ఒకామె నా చెయ్యి పట్టుకుని నువ్వే నా బెస్ట్ ఫ్రెండ్‌వి ఈ ఊళ్ళో అంది. ఆమె పేరు నాకు గుర్తులేదు, స్టిక్కర్ ఊడిపోయింది. చాలా సిగ్గేసింది. ఈ పని చేసీ చేసీ నాకు మనుషులంటే అలసట వస్తోంది మామా. నీ మంగళవారాలు తలుచుకుంటే కాస్త తెరిపిగా ఉంటుంది.

నీ
శిరీష


యలహంక,
17 జులై 2025

అమ్మా శిరీషా,

నీకు చప్పట్లు కొట్టారని చదివి కుర్చీలో ఉన్న గిరాకీకి చూపించాను. ఆయనకు తెలుగు రాదు, అయినా తల ఊపాడు.

చాలామంది వస్తున్నారు. మొన్న మంగళవారమైతే చాప కూడా చాలలేదు, ఇద్దరు నా కుర్చీల్లోనే కూర్చున్నారు. పిల్లలు మంచివాళ్ళు, చెప్పులు బయట విప్పి వస్తారు. నా చొక్కాకు కూడా స్టిక్కర్ అంటిస్తారు. గుండ్రంగా కూర్చోబెట్టి ఒక్కొక్కరూ తమ ఒంటరితనం గురించి చెప్పాలన్నారు. నా వంతు వస్తే పలక తీసి, నాకు గొంతు లేదని ఇంగ్లీషులో రాసి చూపించాను. అంతే, అందరికీ పలక తెగ నచ్చింది. పోయిన వారం వాళ్ళే తలా ఒక పలక తెచ్చుకున్నారు. గంటసేపు ఎవరూ మాట్లాడకుండా రాసుకోవాలట. గొంతున్నవాళ్ళంతా మూగవాళ్ళలా కూర్చుంటే నాకు ఎటు చూడాలో తెలియలేదు. ఒకబ్బాయి ‘మీ మౌనం నాకు స్ఫూర్తి’ అని రాసి చూపించాడు. ‘టీ తాగు బాబూ’ అని రాశాను.

మస్తాను వస్తాడు. కాసేపు నిలబడి వెళ్తాడు, ఇంట్లో పనులుంటాయి కదా. వెంకటగిరియప్పకు మోకాళ్ళ నొప్పి. వాళ్ళ గురించి నువ్వు ఆలోచించకు.

నీ బాసుతో మంచిగా ఉండు. ఎదురు చెప్పకు. సెప్టెంబరు ఎంతో దూరం లేదు. పని గట్టిపడ్డాక కుర్చీ ఉన్న గది చూసుకుందువుగాని.

మీ మామ


మడివాళ,
6 ఆగస్టు 2025

మామా,

ఆలస్యంగా రాస్తున్నా. జ్వరం వచ్చి పడుకున్నాను. ఇప్పుడు తగ్గింది, అమ్మకు చెప్పకు.

జ్వరంలో ఒక సంగతి అర్థమైంది. నాకు ఒంట్లో బాగోలేదని ఆ బంగళాకు వచ్చే ఒక్కరికీ తెలియలేదు. నా బదులు ఇంకో అమ్మాయి నిలబడి నవ్వింది, సరిపోయింది. ఊళ్ళో సగం మందికి స్నేహితుల్ని కుదిర్చాను, నాకు గంజి కాచి ఇచ్చే మనిషి లేడు. పక్క మంచం పిల్లే బ్రెడ్ తెచ్చింది, దగ్గే పిల్ల. తన పేరు ప్రేమకుమారి, ఇన్నాళ్ళకు అడిగాను.

నిజం చెప్పనా? ఈ ఉద్యోగం మానేద్దామని జులైలోనే అనుకున్నాను. అకౌంట్స్ పని ఒకటి వచ్చింది కూడా, ఎవరితోనూ మాట్లాడక్కర్లేని పని. కానీ నేను మానేస్తే నీ మంగళవారాలు ఆగిపోతాయి. మళ్ళీ నువ్వు ఖాళీ షాపులో ఒక్కడివే కూర్చుంటావు. ఆ బొమ్మ కళ్ళ ముందుకొచ్చి వద్దని చెప్పేశాను. నీ కోసమే ఇందులో ఉన్నానంటే నువ్వు కోప్పడతావు గానీ, అదే నిజం.

అన్నట్టు, మా ఆఫీసు ఇన్‌స్టా పేజీలో నీ కొత్త ఫోటో పెట్టారు. జుట్టు పెంచావేంటి మామా! చెవుల మీదికి వచ్చేసింది, మెడ వెనక జులపాలు! నీకు స్టైల్ పట్టుకుందే ఈ వయసులో. అభిజిత్ ‘వాట్ ఎ ఫేస్’ అంటూ పెద్దగా ప్రింట్ వేయించి మా హాల్లో తగిలించాడు. రోజూ కప్పులు కడుగుతూ నిన్నే చూస్తున్నా.

నీ
శిరీష


యలహంక,
14 ఆగస్టు 2025

శిరీషా,

నీ ఉత్తరం చదివి చేతిలో కత్తెర అద్దం మీదికి విసిరాను. అద్దం పగల్లేదు, నా అదృష్టం. ఇవాళ దీవెనలు లేవు, ముందు తిట్లు తిను.

స్టైలా? ఎవరికే స్టైలు? జూన్ నుంచి నా తలకు కత్తెర తగల్లేదు. ఎవరు వేస్తారు? ఎప్పుడు వేస్తారు? మంగళవారం ఒక్కటే కదా మా తలలు మేం చూసుకునే రోజు. నా కుర్చీల్లో మీవాళ్ళు కూర్చుని పలకలు రాసుకుంటుంటే మస్తాను కత్తెర పట్టుకుని ఎక్కడ నిలబడాలి? మొదటి వారం పాపం కత్తెర, దువ్వెన జేబులో పెట్టుకునే వచ్చాడు. మీవాళ్ళు ఫోటో తీస్తాం, కత్తిరించమన్నారు. “మేమేమన్నా సర్కసోళ్ళమాప్పా?” అని నాతో అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నిలబడి వెళ్ళాడు, ఇప్పుడు అసలు రావడమే లేదు. వెంకటగిరియప్పకు మోకాళ్ళ నొప్పీ లేదు, పాడూ లేదు. మీ పిల్ల ఒకతె ఆయన్ని లేపి, బెంచీ ఆ చివర కూర్చోండి అంకుల్, సర్కిల్ సరిగ్గా రావడం లేదంది. ముప్పై ఏళ్ళుగా ఆయన కూర్చునే మూల అది. లేచాడు, ఇంటికి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు.

ఇప్పుడు వాళ్ళిద్దరూ మంగళవారం మస్తాను షాపులో షట్టరు దించుకుని కూర్చుంటున్నారు. నన్ను పిలవలేదు. ఓబులేసుకు పెద్దోళ్ళు దొరికినారు, మనమెందుకులే అని వెంకటగిరియప్ప అన్నాడని టీ కొట్టతను చెప్పాడు. ఒకసారి మీవాళ్ళు పోయాక నేనే వెళ్ళాను, అప్పటికే తాళం వేసి ఉంది. దారిలో మస్తాను ఎదురుపడితే పెదాలు కదిపాను. “పనుండాదప్పా” అని తల దించుకుని పోయాడు. నా పెదాల వైపు చూడనే లేదు. వాడు చూడకపోతే నేను మూగవాణ్ణే కదా తల్లీ. ఆపరేషన్ రోజు కూడా నాకు ఇంత భయం వేయలేదు.

వేరే రోజు వాడి షాపుకు వెళ్ళి కత్తిరించుకోవచ్చు కదా అంటావు. మా వాళ్ళలో అది లేదు. పనిరోజు ఇంకొకడి కుర్చీ ఎక్కితే వాడి గిరాకీ నిలబడి చూస్తుంటుంది. మాలో మేము డబ్బు తీసుకోము, మరి గిరాకీని ఆపుకుని వాడు నా తల ఎందుకు చూడాలి? అడగడమే తప్పు. అందుకే జులపాలు పెంచుకుని తిరుగుతున్నాను. తల మాసిన మంగలి దగ్గర గడ్డం గీయించుకోడానికి జనం కూడా వెనకాడుతున్నారు.

ఇదంతా నీకు రాయకపోవడానికి కారణం ఒక్కటే, నీ ప్రొబేషన్. నేను వద్దంటే నీ ఉద్యోగం పోతుందనుకుని చాప పరిచాను. నువ్వేమో నేను ఒంటరినైపోతానని, వచ్చిన మంచి పనిని కాలదన్నుకున్నావా? నీకోసం నేను, నాకోసం నువ్వు, ఇద్దరం కలిసి ఎవరికి చేస్తున్నామే ఈ ఊడిగం?

జ్వరం వస్తే రాయవు. గంజి కాచే మనిషి లేడట. నేను చచ్చానా? ఒక చీటీ ముక్క రాస్తే బస్సులో ఎంత సేపైనా నిలబడి వచ్చేవాణ్ణి కదే.

కోపంగా రాశాను. చింపి పారేద్దామనుకున్నాను, మళ్ళీ ఇంత రాసే ఓపిక లేదు. అందుకే పంపుతున్నాను.

ఓబులేసు


మడివాళ,
27 ఆగస్టు 2025

మామా,

నీ ఉత్తరం బస్సులో చదివాను. దిగాల్సిన స్టాపు దాటిపోయి, సిల్క్ బోర్డ్ దగ్గర దిగి వెనక్కి నడిచాను. తిట్లు తిన్నాను. ఇంకా నాలుగు తిట్టాల్సింది.

ప్రోగ్రామ్ ఆపించేశాను. మా మామకు ఇబ్బందిగా ఉంది, ఇంక కుదరదని అభిజిత్‌కు చెప్పాను. పెద్ద గొడవ అవుతుందనుకుంటూ వెళ్ళాను. అతను ఫోన్ చూస్తూ, నో ఇష్యూస్, ఎలాగూ మెంబర్లకు బోర్ కొడుతోంది, ఇంకెక్కడో పూల మార్కెట్‌లో చూశాంలే అన్నాడు. అంతే. నీ మంగళవారాలన్నీ పాడుచేసింది ఆ రెండు మాటల్లో అయిపోయే దాని కోసం. నా ప్రొబేషన్ ఇంకో మూడు నెలలు పొడిగించారు, దాని కోసం నువ్వు చాపలు పరిచావు. హాల్లో నీ ఫోటో నేనే స్టూలెక్కి తీసేశాను. ఎవరూ అడగలేదు.

నేను డిగ్రీలో మీ ఇంట్లో ఉన్నప్పుడు మంగళవారం సాయంత్రం కిటికీలోంచి మీ ముగ్గురి నవ్వులు వినిపించేవి. సెలవు రోజు కదా, ఊరికే కూర్చున్నారనుకునేదాన్ని. ఊరికే అనే మాట ఎంత పెద్దదో నాకు తెలియలేదు మామా. జీతం తీసుకుని అదే పని చేస్తూ కూడా తెలియలేదు.

వచ్చే మంగళవారం, సెప్టెంబర్ రెండున, సెలవు పెట్టి వస్తున్నా. మస్తాన్ మామ దగ్గరికి వెళ్ళి నేనే చెప్తాను. వద్దంటే వద్దులే, నీ పక్కన కూర్చుంటాను.

నీ
శిరీష


యలహంక,
5 సెప్టెంబర్ 2025

అమ్మా శిరీషా,

మామ దీవెనలు. క్షేమంగా చేరావని ప్రేమకుమారి ఫోన్ నుంచి టీ కొట్టుకు కబురు వచ్చింది. ఆ పిల్లకు దగ్గు తగ్గకపోతే మిరియాల కషాయం తాగమను.

మంగళవారం నువ్వు వెళ్ళాక చాలా ఆలోచించాను. నువ్వు మస్తాను షాపుకు వెళ్తానంటే చెయ్యి పట్టి ఆపాను, కోపం వచ్చి ఉంటుంది నీకు. అమ్మాయిని రాయబారం పంపాడన్న మాట నాకు వద్దు తల్లీ. వాళ్ళంతట వాళ్ళు రావాలి, లేదా లేదు. వాళ్ళు రాలేదు. మనిద్దరమే బెంచీ మీద కూర్చున్నాం. నువ్వు ఏదో చెప్పబోయి, మధ్యలోనే గోడకు ఆనుకుని నిద్రపోయావు. నోరు తెరుచుకుని, చిన్నప్పుడు పడుకున్నట్టే. వీధిలో ఆటోలు, స్కూలు పిల్లలు, సామాన్ల బండివాడు అందరూ పోతున్నా నీకు మెలకువ రాలేదు. ఎంత అలసిపోయావో అప్పుడు చూశాను. దీపాలు పెట్టే వేళ దాకా ఈగలు తోలుతూ కూర్చున్నాను. నిన్ను లేపాలనిపించలేదు.

లేచి మొహం కడుక్కుని, కుర్చీలో కూర్చో మామా, నేను కత్తిరిస్తానన్నావు. మన ఇళ్ళలో ఆడపిల్ల కత్తెర పట్టింది లేదు. మీ తాత ఉంటే ఇల్లు పీకి పందిరి వేసేవాడు. అయినా కూర్చున్నాను. ఎందుకో వద్దనాలనిపించలేదు. నాలుక బయటపెట్టి కత్తిరిస్తున్నావు. బాగుందా మామా అని అడిగావు. బాగుందని తల ఊపాను.

బాగాలేదు తల్లీ. అస్సలు బాగాలేదు. ఎడమ వైపు మెట్లు మెట్లుగా వచ్చింది. మెడ వెనక ఒక చోట తెల్లగా చర్మం కనిపిస్తోంది. కుడి చెవి దగ్గర ఒక కుచ్చు అలాగే వేలాడుతోంది. రాత్రి అద్దంలో చూసుకుని నవ్వుకున్నాను.

బుధవారం పొద్దున షాపు తీశాను. బ్యాంకు ఆయనకు గడ్డానికి నురగ పూశాను. మస్తాను తన షాపు తీయడానికి ఈ వీధిలోంచే పోతాడు. ఎప్పటిలాగే తల దించుకుని పోతున్నవాడు ఎందుకో ఒకసారి ఇటు చూశాడు. రెండడుగులు ముందుకు వేసి ఆగిపోయాడు. వెనక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“ఎవరప్పా నీ తల మింద యుద్ధం చేసింది?”

శిరీష అని పెదాలు కదిపాను. అందుకున్నాడు. వెంటనే అందుకున్నాడమ్మా.

“మన పాపనా? అంత చదివింది, చెవి యాడుండాదో చూసుకోలేదా?” అన్నాడు. తర్వాత, “ఈ తలతో నువ్వు ఇంగో పూట కూర్చుంటే యలహంకలో మన పనికే చెడ్డపేరప్పా” అంటూ చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. బ్యాంకు ఆయన్ని, “రొంత లేవండి సార్” అని నురగ మొహంతోనే తీసుకెళ్ళి బెంచీ మీద కూర్చోబెట్టాడు. నా చేతిలోని కత్తెర లాక్కుని నన్ను కుర్చీలోకి తోశాడు. పనిరోజు, పొద్దున, రెండు షాపులకూ గిరాకీ వచ్చే వేళ. వాడి షాపు ముందు గిరాకీ వచ్చి నిలబడిందని ఎవరో ఫోన్ చేస్తే, “ఉండమని చెప్పు, పోతే పోనీ” అన్నాడు.

మెడ వెనక దువ్వెన పెట్టాడు. వాడి చెయ్యి తగిలి ఎన్నాళ్ళయిందో. నాకు ఏడుపొచ్చింది శిరీషా. గొంతు లేనివాడి ఏడుపు సద్దు చెయ్యదు, తల మాత్రం ఊగిపోతుంది. వాడు అద్దంలో చూశాడు. ఎడమ చేత్తో నా నెత్తిని గట్టిగా అదిమి పట్టుకుని, “కదలద్దప్పా, చెవి పోతాది” అన్నాడు.

కదలకుండా కూర్చోడానికి చాలా కష్టపడ్డాను.

మీ మామ
ఓబులేసు